గుల్లరాళ్లు

“చావనిదయితే తే,” అన్నది అబిగయీలు.

హెబ్రోను గడప దగ్గర చెప్పులు విడుస్తూ ఆగాడు. గాజు తొట్టి సంగతి అతను చెప్పి చాలాసేపయింది. ఆమె వినలేదనే అనుకున్నాడు. చాట ఒళ్లో పెట్టుకుని బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

“ఏంది?”

“చేపలు తెస్తానంటివే. ఈ ఇంట్లో ఇంకేదీ చావకూడదు బావా. అట్టయితే తే. లేకుంటే వొద్దు.”

“చావవులే,” అన్నాడు.

హేచరీలో పనిచేసే మనిషి అనకూడని మాట అది. ముత్తుకూరు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న రొయ్యపిల్లల హేచరీలో అతను పెళ్లికి ముందు నుంచీ ఉన్నాడు. అక్కడ గుడ్డు నుంచి పిల్ల దాకా సగానికి సగం బతికితే యజమాని స్వీట్లు పంచుతాడు. చచ్చిన సగం మాట ఎవరూ ఎత్తరు. అడుగున గొట్టం తీసి వదిలేస్తారు.

అబిగయీలు హెబ్రోనుకు సొంత మేనమామ కూతురు. ఉయ్యాలలో ఉన్నప్పుడే వీడికి ఇది అని అనుకున్నారు పెద్దవాళ్లు. మొదటి కాన్పుకు బిడ్డ ఊపిరి తియ్యకుండానే పుట్టినప్పుడు, నెల్లూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ “మేనరికమా?” అని అడిగింది. మొన్న కార్తీకం వానల్లో రెండో బిడ్డ కూడా అట్లాగే పుడితే ఆమె ఏమీ అడగలేదు. కాగితం చూసి రాసుకున్నది.

ఆ తర్వాత అబిగయీలు ఏడవలేదు. వండేది. వాకిలి చిమ్మేది. ఆదివారం తలమీద కొంగేసుకుని గుడికి పొయ్యేది. తిన్నావా అంటే తిన్నాననేది, ఏం తిన్నావంటే గుర్తుండేది కాదు. హెబ్రోను కూడా అంతే. డ్యూటీకి పొయ్యేవాడు, వచ్చేవాడు. ఇంట్లో ఇద్దరు మనుషులున్న చప్పుడు లేదు. కుక్కరు కూత పెడితే ఇద్దరూ ఉలిక్కిపడేవాళ్లు.

అత్త రెబెక్కమ్మ కొడవలూరు నుంచి వచ్చినప్పుడల్లా కూతురి వంక చూసి పెదవి బిగించేది. ఒకసారి బస్సెక్కుతూ చెప్పింది. “ఈస్టరు పోనీ అల్లుడూ. వచ్చి దీన్ని తీసకపోతా. పది దినాలకి గాదు. నువ్వేం అనుకోబాక.” అబిగయీలు పక్కనే నిలబడి ఉంది. ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆమె పోతే మళ్లీ రాదని హెబ్రోనుకు ఆ నిలబడిన తీరులోనే తెలిసింది.

కాన్పు తర్వాత చూపించుకోవడానికి పోయినప్పుడు, ఆస్పత్రి హాల్లో ఒక ఉప్పునీళ్ల తొట్టి ఉండేది. లోపల రాళ్లు, నీలం లైటు, నారింజ రంగు మీద తెల్ల పట్టీల చేపలు రెండు. అబిగయీలు దాని ముందు కూర్చుంది. నర్సు పేరు పిలిస్తే వినిపించలేదు. మళ్లీ పిలిచినా వినిపించలేదు. అతను భుజం తట్టాల్సి వచ్చింది. అది గుర్తుపెట్టుకున్నాడు. అతనికి తోచిన ఉపాయం అదొక్కటే.

నెల్లూరులో చేపల తొట్ల షాపు నరేంద్రబాబు మాటకారి. హెబ్రోను చెప్పింది విని కుర్చీ లాగి వేశాడు.

“మంచినీళ్ల చేప బాడుగింట్లో మనిషి అన్నా. యాడైనా సర్దుకుంటాది. ఉప్పునీళ్ల చేప ఇల్లరికం అల్లుడు. ఒగటి కుదిరితే ఒగటి కుదరదు, అలిగి పోతాడు. పోవడమంటే పైకే.”

“పోగూడదు,” అన్నాడు హెబ్రోను.

“అట్టయితే చెప్పినట్టు విను. పగడం అడగబాక. దాన్ని సముద్రంలోంచి తీస్తే కేసు. రాళ్లు పెట్టుకో. సముద్రంలో బాగా నానిన రాళ్లు, గుల్లగా ఉండేవి. ముందు వాటిని ఉప్పునీళ్లల్లో గాలిపెట్టి ఉంచు. వాసన పోవాల, నీళ్లు తేటబడాల. తర్వాత తొట్లో పేర్చు. అప్పుడే చేప. జంట నీకోసం పక్కన పెడతాలే.”

“ఎన్నాళ్లు ఉంచాల రాళ్లని?”

“రాయే చెప్తాదన్నా. తొందరపడినావా, చేప చస్తాది.”

రాళ్లు పాళెంలో జాలరి వెంకయ్య దగ్గర దొరికాయి. లోపలి సముద్రంలో వలకు తగిలి వచ్చే గుల్లరాళ్లవి. ఒంటినిండా చిప్పలు, బొక్కలు, పాచి. వలలు చించుతాయని జాలరులు వాటిని తిట్టుకుంటూ ఒడ్డున పారేస్తారు. ఎంతివ్వాలని హెబ్రోను అడిగితే వెంకయ్య నవ్వి పక్కవాళ్లను పిలిచాడు. “రేయ్, మన వలలు చించిన రాళ్లకి దుడ్లిస్తాడంట!” హెబ్రోను మొహం చూసి నవ్వాపుకున్నాడు. “ఎత్తకపో నాయనా. తడిగోతాం కప్పుకో, ఎండదగలకుండా. పుణ్యముంటాది నీకు.”

హేచరీలో పక్కన పడేసిన నీలం డ్రమ్మును సగానికి కోసి, దొడ్లో మునగచెట్టు కింద పెట్టాడు. హేచరీ ఉప్పునీళ్లు పోశాడు. గాలిగొట్టం వేశాడు. రాళ్లు దించాడు. మొదటి వారం కుళ్లిన వాసన వచ్చింది. నీళ్లు మార్చాడు. తర్వాత వాసన తగ్గింది.

ఆ తర్వాత ఇంట్లో పని పట్టాడు. కిటికీ పక్కన ఇటుకలతో దిమ్మె కట్టి సిమెంటు పూశాడు. గాజుతొట్టి తెచ్చి, మేస్త్రీల మాదిరి సన్నటి గొట్టంలో నీళ్లు నింపి నాలుగు మూలలా మట్టం చూశాడు. ఒక మూల గోరంత పల్లం ఉంటే మళ్లీ దించి రబ్బరు ముక్క పెట్టాడు. తెల్ల ఇసుకను నీళ్లు తేరేదాకా కడిగాడు. పంపు, లైటు, నురగ లాగే గొట్టం అన్నీ అమర్చాడు. ఆదివారం గుడి నుంచి వచ్చినాక కూడా అదే పని. చేతులకు పని ఉన్నంతసేపూ అతనికి ఏమీ అనిపించేది కాదు. పని లేనప్పుడు కూడా ఏమీ అనిపించేది కాదు గానీ, అప్పుడది తెలిసేది.

అబిగయీలు తొట్టి వైపు రాలేదు. వంటపని ముగించి దొడ్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. చిక్కుడుకాయలు ఒలిచినా, బియ్యం ఏరినా అక్కడే. ఎండ తిరిగేకొద్దీ పీట జరుపుకునేది. నీడకోసం కూర్చుంటుందనుకున్నాడు హెబ్రోను. మునగచెట్టుకు నీడ ఎంతని? ఒక్కోసారి ఆమె ఎండలోనే ఉండేది, నీడ అవతల పక్క ఉండేది. అతను అది కూడా చూశాడు. చూసి ఊరుకున్నాడు.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం సాయంత్రం రెబెక్కమ్మ వచ్చింది, మూటలో కొత్తబియ్యంతో. ఖాళీ గాజుతొట్టి ముందు నిలబడి అటూ ఇటూ చూసింది.

“ఇదేంది అల్లుడూ, చేపలకి మిద్దె గడతా ఉండావా?”

“అవునత్తా.”

“మనిషికి ఇంట్లో ఫ్యాను తిరగదు. చేపలకి లైట్లంట.” లోపలికి తొంగి చూసింది. “కూరకి పనికొస్తాయా?”

“రావు.”

“మరెందుకు?”

“చూసేదానికి.”

“చూసేదానికి!” రెబెక్కమ్మ కూతురి వైపు తిరిగింది. “విన్నావా మే, మీ ఆయన మాట? సముద్రం ఇంత దగ్గర్లో ఉండాది, ఒగనాడు చూసేదానికి తీసకపొయినాడా?”

అబిగయీలు మూట విప్పి బియ్యం డబ్బాలో పోస్తోంది. “చూసినాం లేమ్మా,” అన్నది.

రెబెక్కమ్మ గొంతు తగ్గించింది. “ఈస్టరు తర్వాత సోమారం వస్తా. నీ గుడ్డలు సర్దిపెట్టుకో.”

అబిగయీలు బియ్యం పోస్తూనే ఉంది. హెబ్రోను తొట్టి అద్దం మీద వేలిముద్ర ఒకటి కనిపిస్తే తువ్వాలుతో తుడిచాడు.

ఆ వారం హేచరీలో ఒక ట్యాంకు పడిపోయింది. పొద్దున చూసేసరికి పిల్లలన్నీ చచ్చి అడుగున తెల్లగా పేరుకుని ఉన్నాయి. అందరికంటే పాతకాపు హజరత్తయ్య బీకరులో నీళ్లు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు, మూతి వంచాడు, గొట్టం తియ్యమన్నాడు. శుభ్రం విషయంలో హజరత్తయ్యది చాదస్తం. గేటు దగ్గర మందునీళ్లలో కాళ్లు ముంచనిదే యజమానినైనా లోపలికి రానివ్వడు.

“ఇంటికాడ గూడా బక్కెట్టు పెట్టినా,” అనేవాడు. “మా పిచ్చమ్మ దాన్నెత్తి నా నెత్తిన బోసింది. అప్పుడు మానుకున్నా.”

ఆ రోజు మాత్రం నవ్వించలేదు. ట్యాంకు కడుగుతున్న హెబ్రోను దగ్గరికి వచ్చాడు.

“నీ చేపల తొట్టి యాడికొచ్చిందిరా?”

“రాళ్లు డ్రమ్ములో ఉండాయన్నా.”

“బ్లీచింగ్ పట్టించినావా?”

“ఇంకా లే.”

“ఇంకా లేదా!” హజరత్తయ్య బీకరు కింద పెట్టాడు. “సముద్రం అడుగున పడున్న రాయిరా అది. దాంట్లో యే పురుగుందో, యే జబ్బుందో. మనం నీళ్లనే నమ్మం గదా, వడగట్టి, బ్లీచింగ్ కొట్టి, మళ్లా మందేసి దాని ఘాటు విరగ్గొట్టి, అప్పుడు గదా వాడేది. రాయిని ఎట్ట నమ్మినావు? ఆ బొక్కల్లో ఉండే పీతపిల్లలు చేప నిద్రపోతుంటే రెక్కలు కొరికి చంపుతాయి. ఆ చేతుల్తోనే రోజూ ఈడికొస్తా ఉండావు.”

హెబ్రోను చేతుల వైపు చూసుకున్నాడు. ట్యాంకు పోయింది నీవల్లే అని ఎవరూ అనలేదు. హజరత్తయ్య కూడా అనలేదు. కానీ ఇంటికి పోతున్నంతసేపూ అతని చెవిలో మిగిలింది ‘చంపుతాయి’ అన్న మాటే.

రాళ్లకు బ్లీచింగ్ పట్టించాలా అని నరేంద్రబాబును అడగాలని అతనికి తోచలేదు. హేచరీలో వాళ్లెవరూ ఆ పని గురించి అడగరు, చేస్తారు. స్నానం చెయ్యమంటారా అని ఎవరిని అడుగుతాం?

ఈస్టరు ముందు శనివారం అబిగయీలు మధ్యాహ్నమే సమాధుల తోటకు పోయింది. మర్నాడు తెల్లవారగానే అక్కడ పునరుత్థాన ప్రార్థన. ముందురోజు ఊళ్లో ఆడవాళ్లంతా పోయి గడ్డి పీకి, ఇసుక చదును చేసి, ఎవరివాళ్ల సమాధులకు వాళ్లు సున్నం కొట్టడం అక్కడి ఆచారం.

హెబ్రోనుకు సెలవు. డబ్బాలోంచి బ్లీచింగ్ పొడి కొలిచి, బక్కెట్టులో కలిపి, తేట డ్రమ్ములో పోశాడు. కొలత తప్పలేదు. అతని చెయ్యి ఆ పనిలో ఎప్పుడూ తప్పదు. నీళ్లు కాసేపు పాలవిరుగుడు మాదిరి అయ్యాయి. బొక్కల్లోంచి ఏవేవో బయటికి వచ్చాయి, దారాల మాదిరివి, వెంట్రుకల మాదిరివి. ఒక పీతపిల్ల డ్రమ్ము గోడ పట్టుకుని పైకి పాకింది. అంచుదాకా వచ్చింది. హెబ్రోను పుల్లతో దాన్ని లోపలికి తోశాడు. అది మళ్లీ పాకింది. మళ్లీ తోశాడు. మూడోసారి అది రాలేదు.

చేతులు కడుక్కుని, గాలి బాగా తిరుగుతోందో లేదో చూసి, అరుగు మీద కూర్చున్నాడు. ఒక పని సరిగ్గా అయింది అనుకున్నాడు.

ఎండ ఇంకా ఉండగానే అబిగయీలు వచ్చింది. మిగతా ఆడవాళ్లు ఇంకా రాలేదు. చేతివేళ్లకు సున్నం ఉంది. దొడ్డి తడిక దగ్గర ఆగింది. వాసన పట్టింది. హేచరీ నుంచి రోజూ అతని చొక్కాకు వచ్చే వాసనే.

“ఏం పోసినావు?”

“బ్లీచింగ్. రేపు విరిచేసి, కడిగి, తొట్లో పేర్చేస్తా. ఇంక చేపలు తెచ్చుకోవడమే.”

ఆమె డ్రమ్ము దగ్గరికి పోయింది. కొంగు భుజం మీదికి తీసుకుని నీళ్లలో చెయ్యి పెట్టబోయింది.

“పెట్టొద్దు మే. కాల్తాది.”

పెట్టింది. ఒక రాయి బయటికి తీసి, చుట్టూ తిప్పి చూసింది. నేలమీద పెట్టింది. ఇంకొకటి తీసింది.

“ఈ బొక్కలో ఒగటి ఉండె,” అన్నది. “ఎర్రగా, ఈకల మాదిరి. నీడ పడితే లోపలికి పొయ్యేది. నేను కదలకుండా కూర్చుంటే కొంచెం కొంచెం వచ్చేది. అందుకే నీడ పడకుండా పీట జరుపుకుంటా ఉంటి.”

హెబ్రోను లేచి నిలబడ్డాడు.

“ఈడ సన్నగా చేతులు చాపేది ఒగటి. మనిషి కనపడదు, చేతులే. నీళ్లని ఇట్ట దువ్వేది. దీని కింద పీత. ఒగ చెయ్యే పెద్దది దానికి, రెండోది చిన్నది. అన్నం మెతుకేస్తే ఆ చిన్న చేత్తోనే తీసకపొయ్యేది. మొన్న వొళ్లు విడిచింది. పెంకు పక్కన పెట్టి రెండు దినాలు బయటికి రాలే. చచ్చిందనుకున్నా. నిన్న మళ్లా వచ్చింది.”

ఇన్ని మాటలు ఆమె కార్తీకం తర్వాత మాట్లాడలేదు. గొంతులో కోపం లేదు. సరుకు లెక్క చెబుతున్నట్టు చెప్పింది.

“చేపలు చావకూడదని పోసినా,” అన్నాడు.

“తెలుసు.”

అతనికి ఇంకేం చెయ్యాలో తోచలేదు. ఫోను తీసి నరేంద్రబాబుకు చేశాడు. బ్లీచింగ్ పోసినా, ఏమన్నా మార్గముందా అని అడిగాడు. అవతల గొంతు పక్కకి కూడా వినపడేంత గట్టిది.

“రాళ్లకి బ్లీచింగా! ఏందన్నా నువ్వు! ఆ రాయిలో ఉండే బతుకే గదా తొట్టికి ఆధారం. నీళ్లల్లో మురికి తినేది అదే. రాయి బతికితేనే చేప బతికేది.”

“నువ్వు చెప్పలే.”

“అన్నం తినే ముందు కంచం పగలగొట్టబాకని ఎవురన్నా చెప్తారా? సర్లే, అయిందేదో అయింది. కడుగు. బాగా కడిగి ఎండబెట్టు. మళ్లా మొదట్నుంచీ. వట్టి రాయి మళ్లా బతకాలంటే టైం పడతాది. చేపల్ని ఇప్పుడే తీసకపోబాక.”

ఫోను జేబులో పెట్టుకున్నాడు. తొట్ల పనిలో ఎవరూ చెయ్యనిది, హేచరీ పనిలో ఎవరూ చెయ్యకుండా ఉండనిది. వద్దని నరేంద్రబాబు చెప్పలేదు, చెయ్యాలా అని తను అడగలేదు. అంతే జరిగింది.

చచ్చినవాటితో నిండిన పైనీళ్లు బక్కెట్టుతో ముంచి, కాలవ వైపు తిరిగాడు.

“ఆడ పొయ్యొద్దు,” అన్నది అబిగయీలు.

“మరి యాడ పొయ్యను?”

ఆమె వేళ్లమీద ఎండిన సున్నం గోటితో గీకుతోంది.

“తోటలో అందరూ సున్నం కొడతా ఉండారు. నా చేతికీ కుంచె ఇచ్చినారు. యాడ కొట్టాలో తెలవలే. ఎస్తేరమ్మవ్వ వాళ్లాయన సమాధికి కొట్టినా. ఆమె, నీకెందుకు మే కష్టం అనె. కుంచె ఆడ పెట్టేసి వచ్చేసినా.” డ్రమ్ము వైపే చూస్తూ అడిగింది. “యాడ పెట్టినారు బావా, మనోళ్లని?”

ఊపిరి తియ్యని బిడ్డకు వాళ్ల సంఘంలో ప్రార్థన కూడిక పెట్టరు. సిలువ నాటరు, పేరు రాయరు. తల్లి ఆస్పత్రి నుంచి రాకముందే మొగవాళ్లు ఇద్దరు ముగ్గురు తీసుకుపోయి పూడ్చి వస్తారు. తల్లిని తీసుకుపోరు, చెప్పరు. అడగకూడదని ఆడవాళ్లకూ తెలుసు. అబిగయీలు ఇంతవరకూ అడగలేదు.

హెబ్రోను బక్కెట్టు దించాడు. బండి తాళం తెచ్చాడు.

తోటకు పోయేసరికి ఆడవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. సమాధులన్నీ పచ్చిసున్నంతో ఉన్నాయి. అవతల సరుగుడు చెట్లు, వాటి పైన దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. ఇసుకంతా పారలతో చదును చేసి, గీతలు పడేట్టు చీపురుతో ఊడ్చారు. నడిస్తే కాళ్ల గుర్తులు కొత్తగా పడుతున్నాయి.

హెబ్రోను కంచె పక్కన నిలబడ్డాడు. “మొదటిది ఈడ. ఈ రాతికానుకొని.” తర్వాత నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చాడు. మళ్లీ పోయాడు. “రెండోది ఈ సమాధికీ ఆ చెట్టుకీ మధ్యలో.”

“మధ్యలో అంటే?”

“తెలీదు. ఆ పొద్దు వాన. గుంటలో నీళ్లు ఊరతా ఉండె. తొందరగా పూడ్చమన్నారు. ఇప్పుడంతా చదును చేసేసినారు.”

ఆమె ఆ మధ్యలో కూర్చుంది. ఇసుక మీద చెయ్యి ఆనించి ఉంచింది. హెబ్రోను నిలబడే ఉన్నాడు. సున్నం డబ్బా ఒకటి ఎవరో మరిచిపోయారు. దాంట్లో ఒక ఈగ పడి తిరుగుతోంది.

“చూసినావా?” అన్నది.

“దేన్ని?”

“బిడ్డని. నాకు చూపించలే. గుడ్డలో చుట్టి తీసకపొయినారు. నువ్వన్నా చూసినావా?”

“చూసినా.”

ఆమె తలెత్తింది.

“గుడ్డ చుట్టి చేతికిచ్చినారు,” అన్నాడు. “బండి మీద వెనక కూర్చుని తెచ్చినా. ముత్తుకూరు రోడ్డు దాటినాక వాన తగ్గింది. అప్పుడు గుడ్డ తీసి చూసినా.”

“ఎట్ట ఉండె?”

అతను హేచరీలో పొద్దున్నే ట్యాంకు పరిస్థితి చెప్పే గొంతుతోనే చెప్పాడు. ఇంకో గొంతు అతని దగ్గర లేదు.

“జుట్టు బాగా ఉండె. నల్లగా, తడిగా, నుదుటికి అంటుకొని. ఎడం చెవి పైన మడత పడి ఉండె, నీ చెవి మాదిరి. గోళ్లు వచ్చినాయి. చెయ్యి మూసి ఉంటే వేలుపెట్టి తెరిచినా. మళ్లా మూసుకోలే.”

“ఆడబిడ్డనే గదా?”

“ఆడబిడ్డ.”

“మొదటోడు?”

“వాడు మీ నాయన. ముక్కు, గడ్డం, అంతా. వాడికి ఇంత జుట్టు లే. పాదం ఒగటి కొంచెం లోపలికి తిరిగుండె.”

“యే పాదం?”

అతను ఆలోచించాడు. “కుడిది.”

ఆమె తన ఎడం చెవి తాకి చూసుకుంది.  సముద్రపు గాలికి సరుగుడు చెట్లు ఒకటే హోరు.

“ఇన్నాళ్లూ చెప్పలేదే?”

“నువ్వడగలే. అడగకుండా చెప్తే ఏమవుతావో అని.”

“ఏమవుతాను? ఇప్పుడేమైపొయినా?” అన్నది. తర్వాత, “జుట్టు సంగతి మళ్లా చెప్పు,” అన్నది.

చెప్పాడు. అదే మాటలు, అదే వరసలో. ఆమె విన్నది. చీకటి పడకముందే లేచారు. ఆమె కూర్చున్న చోట ఇసుక గుంటపడి ఉంది. అతను కాలితో సర్దబోయి ఆగిపోయాడు.

ఇంటికొచ్చి డ్రమ్ములో మందు వేసి బ్లీచింగ్ విరిచాడు. గాజుగొట్టంలో నీళ్లు తీసి పరీక్ష మందు చుక్క వేశాడు. పసుపు తిరగలేదు, బ్లీచింగ్ పోయినట్టే. ఆ నీళ్లు మునగచెట్టుకు దూరంగా, దొడ్డి చివర గుంట తీసి పోశారు. అబిగయీలే పారతో మన్ను లాగింది.  ఈస్టరు పొద్దున్నే తోటలో అందరితోపాటు కొవ్వొత్తులు తీసుకుపోయారు. ఆమె సమాధికీ చెట్టుకీ మధ్యలో ఒకటి గుచ్చింది, కంచె పక్కన ఒకటి గుచ్చింది. ఎస్తేరమ్మవ్వ చూసింది గానీ ఏమీ అనలేదు. గాలికి రెండూ ఆరిపోయాయి. చుట్టుపక్కలవాళ్లవి కూడా ఆరిపోయాయి.

సోమవారం రెబెక్కమ్మ ఆటో కట్టించుకుని వచ్చింది. ఆటోవాణ్ని రోడ్డు మీదే ఉండమని, “మే, సర్దినావా?” అంటూ ఇంట్లోకి పోయింది. ఇంట్లో ఎవరూ లేరు. పెట్టె సర్ది లేదు. తొట్టి ఖాళీగా ఉంది.

దొడ్లో కూతురూ అల్లుడూ ఎదురెదురు పీటల మీద కూర్చుని రాళ్లు కడుగుతున్నారు. పళ్లు తోముకునే పాత బ్రష్షులతో బొక్కబొక్కలో తోముతున్నారు. కడిగినవి గోతం మీద ఎండకు పరిచి ఉన్నాయి. పాచి పోయి ఎముక తెలుపున ఉన్నాయి.

“ఇదేంది? బట్టలు సర్దుకోమంటే రాళ్లు సర్దతా ఉండావా?”

“ఇప్పుడు రాలేనమ్మా,” అన్నది అబిగయీలు. “ఇవి కడగాల. మళ్లా నీళ్లల్లో వెయ్యాల. శానా దినాలు పడతాదంట.”

“రాళ్లకోసం ఆగిపోతావా? నలుగురూ నవ్వుతారు మే.”

“నవ్వనీ.”

రెబెక్కమ్మ అల్లుడి వైపు చూసింది. అతను తల వంచుకుని తోముతున్నాడు. చేతులు బ్లీచింగ్‌కు పొరలు లేచి ఉన్నాయి. కూతురి చేతులూ అంతే.

“చేపలేయి?” అన్నది.

“ఇప్పుడు వద్దని చెప్పినా,” అన్నది అబిగయీలు. “ఊరికే నీళ్లు పెడతాం. ఏమన్నా వస్తే వస్తాది.”

“నీళ్లల్లో ఊరికే ఏం వస్తాది?”

 అబిగయీలు రాయి తిప్పి, బొక్కలోకి ఒక కన్ను పెట్టి చూసి, మళ్లీ బ్రష్షు పెట్టింది. రోడ్డు మీద ఆటోవాడు హారను కొట్టాడు.

రెబెక్కమ్మ అక్కడే కాసేపు నిలబడింది. కూతురి మొహంలోకి వంగి చూసింది. ఏం చూసిందో గానీ, సంచి గోడకు ఆనించి, తడిక దాకా పోయి, “నువ్వు పో నాయనా, బేరం లే,” అని కేకేసింది. తిరిగొచ్చి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఒక బక్కెట్టు బోర్లించుకుని కూర్చుంది.

“ఆ బ్రష్షు ఇటియ్యి. ఇట్ట దువ్వుకుంటా కూర్చుంటే యేడాదికి తెమల్తాదా?” అంటూ డ్రమ్ములో చెయ్యి పెట్టి అన్నిటికంటే పెద్ద రాయి పైకి లాగింది.